గుట్ట మీద ఒక్కరే సైకిల్ – 7వ పాఠం: వెనక్కి జరగమన్నాను, అంత వెనక్కి కాదు

ఈసారి మలుపుల గురించి రాయాలి. రాయడం లేదు. గుట్ట దిగడం గురించి రాసిన ఆరో పాఠం చదువుకుని గుట్టకు పోయినవాళ్లలో ఐదుగురు పడ్డామని చెప్పారు, ఐదుగురూ పడిన తీరు ఒకటే. దేవరకొండ తమ్ముడికి మోచేయి గీరుకుపోయింది, వనపర్తి చెల్లెలికి హ్యాండిల్ తొడకు తగిలి కమిలిపోయింది. "ముందు చక్రం ఉన్నట్టుండి పక్కకు పోయిందన్నా, నేను మీరు చెప్పినట్టే వెనక్కే ఉన్నాను" అని ముగ్గురు ఇంచుమించు ఇదే మాట చెప్పారు. దెబ్బలు చిన్నవే, అందరూ మళ్లీ సైకిల్ ఎక్కారు కూడా. కానీ నేను రాసిన మాట పట్టుకుని మనిషి పడితే, అది సరిచేయకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. మలుపులు ఎనిమిదో పాఠంలో చూద్దాం.

హెల్మెట్, గ్లౌజులు, గేర్లు మార్చడం, పంక్చర్ వేసుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. వాటి గురించి ఇక్కడ ఏమీ ఉండదు.

పోయినసారి నేను రాసింది ఇది: దిగుడు రాగానే సీటు దించండి, బరువు వెనక్కి వేయండి. మొదటి సగం సరైనదే. రెండో సగం తప్పు కాదు గానీ, సగమే చెప్పాను. చదివినవాళ్లు పిరుదులు సీటు దాటించి వెనక టైరు మీదికి తెచ్చి, చేతులు రెండూ కర్రల్లా చాచి దిగారు. వాళ్లదే తప్పని నేను అనను. సైకిల్ నేర్పే వాళ్లు చాలామంది ఇదే మాట చెప్తారు, ఫొటోలు కూడా అలాగే కనిపిస్తాయి. ఈ ఒక్క మాట వల్ల పడినన్ని సార్లు రాయి వల్ల ఎవరూ పడలేదని నా నమ్మకం, అందుకే ఇవాళ ఎక్కువ సేపు ఇక్కడే ఉంటాను.

ముందు కారణం చూద్దాం. దిగుడులో బ్రేకు వేస్తే బరువు దానంతట అదే ముందు చక్రం మీదికి పోతుంది. ఆ బరువే ముందు టైరును నేలకు అదిమి పట్టు ఇస్తుంది. సైకిల్‌ను ఆపేది చాలావరకు ముందు చక్రమే, తిప్పేది కూడా అదే. మీరు బాగా వెనక్కి పోయారంటే ఆ చక్రం మీద బరువు తగ్గిపోయి అది తేలిపోతుంది. తేలిన చక్రానికి కొంచెం బ్రేకు తగిలినా బిగుసుకుంటుంది, బిగుసుకున్న చక్రం తిరగదు, ఎటు జారితే అటే పోతుంది. అందులోనూ మన గుట్టల సంగతి తెలిసిందే. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా దాదాపు అంతా గ్రానైట్ రాయి, ఆ రాయి ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి, పిండై, మొరంగా మారి మళ్లీ అదే బండ మీద పరుచుకుంటుంది. గట్టి బండ మీద సన్న మొరం ఉందంటే ఇంటి గచ్చు మీద రాగులు పోసి నడిచినట్టే. అక్కడ తేలిన చక్రం నిలబడుతుందా?

ఎడ్లబండి చూసినవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మూటలన్నీ బండి వెనక భాగంలో వేస్తే కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడల మీద ఆనదు. ఎడ్లు ఎంత మంచివైనా ఆ బండిని తిప్పలేవు. మూటలు ఇరుసు మీద సరిచూసుకుని వేసేవాడికి ఈ పాఠం అక్కర్లేదు.

"మరి తాటిచెట్టెక్కే గౌడన్న వెనక్కి వాలే ఉంటాడు కదా" అని భువనగిరి వైపు నుంచి ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. గౌడన్న వెనక్కి వాలుతాడు నిజమే, కానీ నడుమునూ చెట్టునూ కలిపి చుట్టిన మోకు, అంటే లావు తాడు, ఉంటుంది. ఆయన వెనక్కి వాలినకొద్దీ ఆ మోకు బిగిసి పాదాలను చెట్టుకు అదుముతుంది. సైకిల్ మీద మీ నడుముకు మోకు లేదు. వెనక్కి వాలితే మీరు వేలాడేది మీ చేతులకు, చేతులు వేలాడేది హ్యాండిల్‌కు, హ్యాండిల్ ఉన్నది తేలిపోతున్న ముందు చక్రం మీద. పట్టు ఇవ్వాల్సినదాన్నే మీరు పైకి లాగుతున్నారన్నమాట.

భువనగిరి పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట బండలెక్కడం నేర్చుకుంది ఆ భువనగిరి బండ మీదే. అలాంటి నున్నటి ఏటవాలు బండ ఎక్కేటప్పుడు కొత్తవాళ్లు భయంతో బండకు అతుక్కుపోతారు, ఛాతీ బండకు ఆనిస్తారు, వెంటనే కాళ్లు జారతాయి. నిటారుగా లేచి బరువంతా పాదాల మీద వేస్తే అదే చెప్పు, అదే బండ, పట్టు దొరుకుతుంది. భయం మనల్ని ఎటు లాగుతుందో పట్టు అటు ఉండదు. ఎక్కేవాడిని భయం బండ వైపు లాగుతుంది, సైకిల్ మీద దిగేవాడిని వెనక్కి లాగుతుంది. ఇద్దరికీ కావాల్సింది పాదాల మీద నిలబడటమే.

ఇప్పుడు అసలు చేయాల్సింది. పెడళ్లు రెండూ నేలకు సమానంగా, ఒకటి ముందు, ఒకటి వెనక. సీటు మీద కూర్చోవద్దు. మోకాళ్లు కొంచెం వంచి, నడుము దగ్గర మడవండి. అలా మడిస్తే పిరుదులు వెనక్కి పోతాయి, అదే సమయంలో ఛాతీ కిందికి, ముందుకు వస్తుంది. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు, రెండూ కలిసి బరువు పాదాల మీదే ఉంటుంది. గడ్డం దాదాపు హ్యాండిల్ నడిమి బోల్టు పైన ఉండాలి. మోచేతులు వంగి బయటికి తిరిగి ఉండాలి. వరి నాటు వేసే అమ్మలను గుర్తు చేసుకోండి. నడుము మడిచి, ఛాతీ నీళ్ల మీదికి వంచి, బరువంతా బురదలో ఉన్న పాదాల్లో పెడతారు. చేతులకు బరువే ఉండదు, ఉంటే నారు పెట్టలేరు. సైకిల్ మీద మీ చేతులు కూడా అలా ఖాళీగా ఉండాలి, వాటికి వేరే పని ఉంది.

దిగుడు ఇంకా నిటారుగా అయితే? అప్పుడు సైకిల్ ముందుకు వాలుతుంది, మీరు వాలరు. మేస్త్రీ గోడకు గుండు దారం వేలాడదీస్తాడు, గోడ వంగినా దారం వంగదు. మీ బొడ్డు నుంచి అలాంటి దారం వేలాడుతోందనుకోండి, అది ఎప్పుడూ పెడళ్ల నడుమ పడాలి. సైకిల్ వాలినకొద్దీ పెడళ్లతో పోలిస్తే సీటు ముందుకు జరుగుతుంది కాబట్టి పక్కనుంచి చూసేవాడికి మీరు వెనక్కి జరిగినట్టు కనిపిస్తారు. ఫొటోలో కనిపించేది ఇదే. ఆ మనిషి వెనక్కి జరగలేదు, సైకిలే ఆయన కింద వాలింది. నేను పోయిన పాఠంలో చెప్పకుండా వదిలేసింది ఈ ఒక్క వాక్యం.

తెలుసుకునే గుర్తు చాలా సులువు. మెల్లటి దిగుడులో పోతూ పిడికిలి వదులు చేయండి, బ్రేకు మీద ఉన్న ఒక్కో వేలు తప్ప మిగతా వేళ్లు హ్యాండిల్‌ను తాకుతూ మాత్రమే ఉండాలి. చేతులు హ్యాండిల్‌ను మీవైపు లాగుతున్నాయంటే ఎక్కువ వెనక్కి ఉన్నారు. అరచేతుల మీద భారం పడుతోందంటే ఎక్కువ ముందుకు ఉన్నారు. లాగడం లేదు, నొక్కడం లేదు, అంతే. వనపర్తి చెల్లెలు ఇది చేసి చూసి "నేను ఇన్నాళ్లూ హ్యాండిల్‌కు వేలాడుతున్నాను" అని చెప్పింది. ఆమె చాలా నిజాయితీగా చూసుకుంది, మీరు కూడా అలాగే చూసుకోండి.

చేతులు చాచి ఉండటంలో ఇంకో ప్రమాదం ఉంది. మెట్టు వచ్చి ముందు చక్రం కిందికి పడ్డప్పుడు హ్యాండిల్ మీ నుంచి దూరంగా పోతుంది. మోచేతులు ముందే వంగి ఉంటే అవి చాచుకుంటాయి, మీరు ఉన్నచోటే ఉంటారు. ముందే చాచి ఉంటే చాచడానికి ఇంకేమీ మిగలదు, హ్యాండిల్ మిమ్మల్ని ముందుకు ఈడ్చుకుపోతుంది. ముందుకు పడతామన్న భయంతో వెనక్కి పోయినవాళ్లు చివరికి ముందుకే పడేది ఇందుకే.

బ్రేకుల సంగతి త్వరగా. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకు కుడి చెయ్యి ముందు బ్రేకు, కానీ బయటి దేశాల నుంచి వచ్చిన కొన్నింటికి ఎడమ చెయ్యి ముందు బ్రేకు ఉంటుంది. ఇంకొకరి సైకిల్ తీసుకున్నప్పుడు కదిలే ముందే చూసుకోండి. ఒక్కో లీవర్‌కు చూపుడు వేలు ఒక్కటే. వేగం తగ్గించుకోవాల్సింది బండకు ముందు, నేల శుభ్రంగా ఉన్నచోట. మొరం మీదికి వచ్చాక ముందు బ్రేకు కొంచెం వదిలేయండి, గట్టి రాయి రాగానే మళ్లీ వేయండి. దిగినంతసేపూ పట్టుకుని ఉంచకండి, వేడెక్కుతాయి. ఇది పాత సంగతే. 1976లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో టమాల్పయిస్ కొండ దగ్గర ఒక మట్టిబాటలో కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద పందేలు మొదలుపెట్టారు. ఆ సైకిళ్లవి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు, చక్రం నడిమి హబ్ లోపల ఉండేవి. ఒక్కసారి దిగేసరికి లోపలి గ్రీజు కాలి పొగైపోయేది, ప్రతిసారీ హబ్ విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ బాటకు రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అని పేరు పడింది. మన డిస్కు బ్రేకులు అంతకంటే చాలా మంచివి, కానీ ఏప్రిల్ ఎండలో వేలు తీయకుండా దిగితే వాటి పట్టు కూడా తగ్గుతుంది.

ఇక ఒంటరిగా పోవడం గురించి. పక్కన మనిషి ఉన్నప్పుడు చేసే సాహసం వేరు. ఒక్కరే ఉన్నప్పుడు, ముందే నలుగురి మధ్య చాలాసార్లు తప్పు లేకుండా చేసినదాన్నే చేయాలి. కొత్తది ఒక్కటి కూడా వద్దు. ఇది నా ఇష్టం కాదు, ఈ పాఠాల్లో నేను పెట్టే ఒకే ఒక్క షరతు.

నాలుగేళ్ల కిందట రాచకొండ గుట్టల్లో ఒక్కడినే దిగుతూ పడ్డాను. నేను కూడా అప్పుడు వెనక్కే వాలి ఉన్నాను. కుడి మణికట్టు విరిగింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, విజిల్ బ్యాగులో ఉంది, బ్యాగు వీపు మీద ఉంది, ఒక్క చేత్తో దాన్ని విప్పడానికే చాలాసేపు పట్టింది. మేకలు మేపుకునే పెద్దాయన ఒకరు సైకిల్ పడ్డ చప్పుడు విని వచ్చి, తన కండువాతో చెయ్యి మెడకు కట్టి, సైకిల్ తానే నడిపించుకుంటూ రోడ్డు దాకా తోడు వచ్చారు. నీళ్లు కూడా ఆయనవే తాగాను. ఆ రోజు ఆయన లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అప్పటి నుంచి విజిల్ ఛాతీ మీది పట్టీకే ఉంటుంది. ఆగి ఆగి మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నట్టు. సిగ్నల్ ఉన్న చివరి చోటు ఏదో పోతున్నప్పుడే గుర్తు పెట్టుకుంటాను, 108కి ఫోన్ చేయాలంటే ఎక్కడి దాకా నడవాలో తెలిసి ఉంటుంది. ఇంట్లో ఏ బాటలో పోతున్నానో, ఎన్నింటికి ఫోన్ చేస్తానో చెప్పి బయలుదేరతాను, ఆ టైము దాటి అరగంటైతే ఎవరికి చెప్పాలో కూడా వాళ్లకు తెలుసు. మేకల కాపరులు, కట్టెలకు వచ్చేవాళ్లు కనిపిస్తే ఆగి పలకరించండి. ఆ బాటలు వాళ్లు నడిచి వేసినవి, ఎక్కడ వాన కోసిందో, ఎక్కడ ఎలుగు తిరుగుతోందో వాళ్లకే తెలుస్తుంది.

ప్రతి కష్టమైన చోటా సైకిల్ పక్కన పెట్టి ముందు నడిచి చూడండి. కిందికి ఒకసారి, పైకి ఒకసారి. కింద నుంచి పైకి చూస్తేనే మెట్టు అసలు ఎత్తు తెలుస్తుంది. జానెడు ఎత్తున్న మెట్టును దొర్లిస్తూ దిగవచ్చు. మూరెడు ఉంటే ఈ పాఠం చదివినవాళ్లు దిగి నడవాలి. ఇది నేను ఊరికే పెట్టిన కొలత కాదు. సైకిల్ బాటలకు రంగులతో గ్రేడ్లు పెట్టే ఇంబా అనే అంతర్జాతీయ సంస్థ, 1988లో మొదలైంది, తప్పించుకోలేని అడ్డం 8 అంగుళాల లోపుంటే నీలం (కాస్త కష్టం), 15 అంగుళాల లోపుంటే నలుపు (చాలా కష్టం) అంటుంది. జాన అంటే ఇంచుమించు 9 అంగుళాలు, మూర అంటే 18. మన చెయ్యే మనకు టేపు.

నడిచి చూసేటప్పుడు ఇంకొకటి ఖాయం చేసుకోవాలి: ఎక్కడి దాకా ఆగగలను? ప్రతి దిగుడులోనూ ఒక రాయో, ఒక తుమ్మ మొద్దో ఉంటుంది, అది దాటాక ఇక ఆగడం కుదరదు. దాన్ని పైనుంచే గుర్తు పెట్టుకోండి. అక్కడికి వచ్చేసరికి చేతులు లాగుతున్నా, చూపు చక్రం మీదికి పడిపోయినా, మనసు ఒప్పకపోయినా ఆగిపోండి. అది దాటాక మాత్రం ఆగాలని చూడకండి. సగం దిగాక మనసు మార్చుకుని రెండు బ్రేకులూ పట్టేసినవాళ్లే గట్టిగా పడతారు. దిగి నడిచినందుకు నాకు ఎప్పుడూ సిగ్గనిపించలేదు, మీకూ అనిపించకూడదు.

అడిగినవాటికి నాలుగు మాటల్లో జవాబులు. గాలి ఎంత పెట్టాలి: 2.2 అంగుళాల టైరు, లోపల ట్యూబు, మనిషి 65 కిలోలుంటే నేను ముందు 28, వెనక 31 పీఎస్ఐ పెడతాను. ఇంకా తగ్గిస్తే రాయి అంచుకు రిమ్ము తగిలి ట్యూబుకు పక్కపక్కనే రెండు కాట్లు పడతాయి. సర్కారు తుమ్మ ముళ్లకు, పల్లేరు కాయలకు విసిగిపోయి నేనైతే ట్యూబు తీసేసి సీలెంట్, అంటే చిల్లులు పూడ్చే ద్రవం, పోసుకున్నాను, డబ్బులుంటే మీరూ అదే చేయండి. బూటు పెడల్‌కు బిగించుకునే రకం ఒంటరి దిగుళ్లకు నాకు నచ్చదు, కాలు తీయాలనుకున్న క్షణంలో కాలు రావాలి, మామూలు బల్లపరుపు పెడళ్లే వాడతాను. సీతాఫలాల కాలంలో పొద్దున్నే జనం కాయలు తెంపడానికి గుట్టల్లోకి వస్తారు, పొదల వెనక మనుషులుంటారు, గంట కొడుతూ దిగండి. వానాకాలంలో పరుపుబండ మీద నల్లటి పాచి కనిపిస్తే దాని మీద ఏ టైరూ నిలవదు. దేవరకొండ, కోయిల్‌కొండ కోటల మెట్లు, గోడల మీద సైకిల్ తొక్కొద్దు, అవి మన పూర్వీకుల పని. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఒంటరిగా పోతానన్న అచ్చంపేట తమ్ముడికి వద్దని గట్టిగా చెప్తున్నాను. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం చేయకండి, ఆ కాలో చెయ్యో కదలనీయకుండా వీలైనంత త్వరగా ఆస్పత్రికి చేరాలి. నీళ్లు ఎండాకాలంలో 3 లీటర్లు. తినడానికి నేను పల్లీపట్టీ తప్ప ఇంకేదీ తీసుకుపోను.

ఇప్పుడు సాధన. ఈసారిది కష్టమే, వారం పడుతుంది. ఊరి దగ్గర పది మీటర్ల పొడవున్న ఏటవాలు బండ ఒకటి చూసుకోండి, కింద ఖాళీ నేల ఉండాలి, మెట్లు ఉండకూడదు. ఇంట్లోంచి గుప్పెడు ముగ్గు పట్టుకుపోండి. మూడుసార్లు నడిచి చూసి, ముందు చక్రం ఎటు పోవాలో ఆ దారంతా సన్నగా ముగ్గుతో గీయండి. ఆగగలిగే చివరి చోట అడ్డంగా ఇంకో గీత. తోడుగా ఎవరినైనా తీసుకుపోండి, సైకిల్ రానివాళ్లైనా పరవాలేదు, పక్కన నిలబడి మీ మోచేతులు వంగి ఉన్నాయా లేదా అని మాత్రమే చూసి చెప్పమనండి. మొదటి రోజు పదిసార్లు, ప్రతిసారీ అడ్డగీత దగ్గర పూర్తిగా ఆగి కాలు కింద పెట్టాలి, అది దాటి పోవద్దు. రెండో రోజు నుంచి కింది దాకా దిగండి. చక్రం గీత మీదే పోయి, చేతులు లాగకుండా ఉంటే ఒకటి లెక్క. వరసగా పది రావాలి. తొమ్మిది వచ్చి పదోది తప్పితే మళ్లీ ఒకటి నుంచి. లెక్క కాగితం మీద రాసుకోండి, ఏ రోజు ఎన్నోసారి ఎక్కడ తప్పిందో కూడా.

పది పూర్తయినవాళ్లు అదే బండకు మర్నాడు ఒక్కరే పోవచ్చు, ఇంట్లో చెప్పి. పూర్తికానివాళ్లు ఎనిమిదో పాఠం చదవండి గానీ చేయకండి, అందులో దిగుడు మధ్యలో సైకిల్‌ను పెద్ద గుండు రాయి చుట్టూ తిప్పాలి, ముందు చక్రం తేలితే అక్కడ పడేది లోయ వైపు.